లాటిన్ క్రియ ‘కర్పెరె’: వాచ్యార్థం నుంచి లక్ష్యార్థానికి చేరుకోవడం ఎలా?

లాటిన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన వారిని తొలి నెలల్లో వ్యాకరణం ఇబ్బంది పెడుతుంది. ఆ తర్వాత ఇబ్బంది పెట్టేది నిఘంటువు. విభక్తులూ కాలాలూ కాస్త వంటబట్టాక కూడా, ఒక చిన్న క్రియ కింద నిఘంటువు రెండు నిలువు వరుసల నిండా అర్థాలు పరిచి చూపిస్తే, చేతిలో ఉన్న వాక్యానికి వాటిలో ఏది సరిపోతుందో తోచక చాలామంది మొదట కనిపించిన అర్థాన్నే అతికించేస్తారు. అలా అతికించనక్కర లేకుండా, క్రియ అసలు అర్థం నుంచి దాని లాక్షణిక అర్థాల వరకు ఎలా నడిచి వెళ్లాలో ‘కర్పెరె’ అనే ఒకే ఒక్క క్రియను తీసుకుని ఇక్కడ చూద్దాం. ఈ క్రియను ఎంచుకోవడానికి కారణం ఉంది. ‘ఈ రోజును పట్టుకో’ అని అనువదించే ‘కర్పె దియెమ్’ అనే మాట లాటిన్ రాని వారికి కూడా తెలుసు, కానీ అందులోని క్రియకు ‘పట్టుకో’ అనే అర్థం లేదు.

మన చేతిలో ఇప్పటికే ఒక మంచి పనిముట్టు ఉంది. శబ్దం వాచ్యార్థాన్ని, అంటే దాని అసలు అర్థాన్ని, దాటి ఎప్పుడు, ఎలా వెళుతుందో మన ఆలంకారికులు ఏనాడో తేల్చారు. మాట అసలు అర్థాన్ని విడిచి దానికి సంబంధించిన మరో అర్థాన్ని (లక్ష్యార్థాన్ని) ఇవ్వడమే లక్షణావృత్తి. దానికి మూడు షరతులు ఉండాలని సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు చెప్పాడు. ముఖ్యార్థం, అంటే వాచ్యార్థమే, ఆ వాక్యంలో కుదరకపోవాలి. కొత్త అర్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి. ఆ ప్రయోగానికి రూఢి (స్థిరపడిన వాడుక) గానీ ప్రయోజనం (కావాలని చేసిన ఉద్దేశం) గానీ కారణం కావాలి. ‘గంగలో గొల్లపల్లె’ ఉదాహరణ మీరు బడిలోనో కళాశాలలోనో వినే ఉంటారు: నీళ్లలో పల్లె ఉండదు కనుక గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. అదే పద్ధతి లాటిన్ క్రియ మీద కూడా చక్కగా పనిచేస్తుంది.

ముందుగా రూపాన్ని సరిగ్గా గుర్తించండి

లాటిన్ నిఘంటువుల్లో క్రియను ‘చేయడం’ రూపం కింద కాకుండా, ‘నేను చేస్తాను’ అనే ఉత్తమ పురుష రూపం కింద వెతకాలి. కాబట్టి ‘కర్పెరె’ మీకు ‘కర్పో’ దగ్గర దొరుకుతుంది. దాని పక్కనే ‘కర్పెరె, కర్ప్సీ, కర్ప్తుమ్’ అనే మిగిలిన మూలరూపాలు ఉంటాయి. ఈ నాలుగూ కంఠస్థం చేయండి. 1879లో వెలువడిన లూయిస్, షార్ట్‌ల నిఘంటువు టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారి పెర్సియస్, చికాగో విశ్వవిద్యాలయం వారి లోగియాన్ అనే వెబ్‌సైట్లలో ఉచితంగా చూడవచ్చు. అందులో ‘లిట్.’ అని ఉన్న భాగం వాచ్యార్థం, ‘ట్రోప్.’ అని ఉన్న భాగం లక్ష్యార్థం. మొదటిసారి చదివేటప్పుడు రెండో భాగాన్ని చేత్తో మూసేయడమే మంచిది.

రూపం దగ్గర హ్రస్వదీర్ఘాల తేడా గమనించండి. ‘కర్పిస్’ అంటే ‘నువ్వు కోస్తున్నావు’, ‘కర్పేస్’ అంటే ‘కోస్తావు’ అనే భవిష్యత్తు, ‘కర్పె’ అంటే ‘కొయ్యి’ అనే ఆజ్ఞ. రోమన్ లిపిలో మామూలుగా అచ్చయ్యే పుస్తకాలు ఎ, ఏల తేడా చూపవు, ఒ, ఓల తేడా కూడా చూపవు. తెలుగు లిపిలో ఆ రెండు తేడాలూ వాటంతటవే కనిపిస్తాయి కనుక మీ నోట్సులో లాటిన్ మాటలను తెలుగు అక్షరాల్లో కూడా రాసుకోండి. హిందీ లిపిలో రాసుకునే వారికి ఈ సౌకర్యం లేదు. ఇంగ్లీషు ఉచ్చారణలో ‘కార్పె’ అని వినిపించినా, లాటిన్‌లో మొదటి అచ్చు హ్రస్వమే.

వాచ్యార్థాన్ని చేతి కదలికగా పట్టుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. తొందరపడకండి. కర్త, కర్మ రెండూ కంటికి కనిపించేవై ఉన్న వాక్యాలను నిఘంటువు ఇచ్చే ఉదాహరణల్లోంచి ముందుగా ఏరుకోండి. ఒక్కొక్క దానిలో ఏ చేయి, ఏ నోరు, ఏ పనిముట్టు, దేని మీద పనిచేస్తోందో రాసుకోండి.

రోమన్ కవి వర్జిల్ తన వ్యవసాయ కావ్యం ‘జార్జిక్స్’ నాలుగో భాగంలో తరెంతుమ్ పట్టణం దగ్గర ఎవరికీ అక్కరలేని కొద్దిపాటి నేలను సాగుచేసుకునే ఒక ముసలివాణ్ణి చూపిస్తాడు. వసంతంలో గులాబీని, శరత్తులో పండ్లను అందరికంటే ముందు కోసేది అతడే: ‘ప్రీముస్ వేరె రొసమ్ అత్క్వె ఔతుమ్నో కర్పెరె పోమ’. ఇక్కడ పనిచేస్తున్నది మనిషి చేయి. మరో రోమన్ కవి కతుల్లుస్ ఒక పెళ్లిపాటలో పూవును సన్నని గోటితో గిల్లడం గురించి చెబుతూ ఇదే క్రియను వాడాడు. పనిముట్టు గోరు అని స్పష్టంగా చెప్పిన ఆ ఒక్క మాట నిఘంటువులోని పది అర్థాలకంటే విలువైనది. ఎందుకంటే కత్తి, కొడవలి లేకుండా వేళ్ల కొసలతో చేసే పని కళ్లకు కడుతుంది.

ఇక మేకలు. వర్జిల్ రాసిన ‘ఎక్లోగ్’ అనే గోపాలక కవితల్లో మొదటిదానిలో పొలం పోగొట్టుకుని ఊరు విడిచి వెళ్తున్న పశువుల కాపరి తన మేకలతో, ఇకమీదట నేను కాస్తూ ఉండగా మీరు పూసిన సితిసుస్ పొదలను, చేదు విల్లో ఆకులను కొరికి తినరు అంటాడు. అక్కడి రూపం ‘కర్పేతిస్’. పైన చెప్పిన దీర్ఘం వల్లనే అది భవిష్యత్తు అని తెలుస్తుంది. జార్జిక్స్ రెండో భాగంలో మంతువా పచ్చికబయళ్ల గురించి చెబుతూ, పొడవైన పగళ్లలో పశువులు ఎంత మేస్తాయో అంతా చిన్న రాత్రిలోనే చల్లని మంచు తిరిగి మొలిపిస్తుందంటాడు. రోమన్ కవి హోరేస్ తన గీతాల సంపుటి ‘ఓడ్స్’ నాలుగో పుస్తకంలో తనను తాను శ్రమపడి థైమ్ మొక్కల మీద తేనె కూర్చుకునే మతీన ప్రాంతపు తేనెటీగతో పోల్చుకుంటాడు. ఆ తేనెటీగ చేసే పని కూడా ‘కర్పెరె’యే. మళ్లీ జార్జిక్స్‌లో నీళ్ల అడుగున కూర్చున్న అప్సరసలు మిలేతుస్ ఉన్నిని ఏకుతూ కనిపిస్తారు. మరో చోట రాత్రిపూట తమ వంతు ఉన్ని పని చేసుకునే అమ్మాయిలు ఉంటారు. ఇద్దరికీ క్రియ అదే.

ఇప్పుడు మీ జాబితా చూసుకోండి. తెలుగులో మనం పూలు కోస్తాం, చిగుళ్లు గిల్లుతాం, మేక ఆకులు కొరుకుతుంది, దూదిని ఏకుతాం. నాలుగు క్రియల పనిని లాటిన్ ఒక్క క్రియతో ఎలా చేస్తోందని అడగండి. గోంగూర కట్ట ముందేసుకుని కాడ నుంచి ఆకులు తుంచేటప్పుడు వేళ్లు చేసే పనే ఆ నాలుగింటికీ సామాన్యం. పెద్దదానిలోంచి చిన్నది విడదీస్తున్నాం. వేలు, గోరు, పన్ను వంటి చిన్న సాధనంతో విడదీస్తున్నాం. ఒకసారితో ఆగకుండా మళ్లీ మళ్లీ విడదీస్తున్నాం. కాడ, చెట్టు, బయలు మాత్రం అక్కడే ఉంటాయి. ఈ మూడు లక్షణాలను ‘చిన్న ముక్క, చిన్న సాధనం, పదేపదే’ అని ఒక పక్కన రాసిపెట్టుకోండి. ఇక ముందుకు సాగడానికి ఇవే ఆధారం.

దగ్గరి క్రియలతో తేడా కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ‘మెతెరె’ అంటే కొడవలితో పంట కోయడం. ‘వెల్లెరె’ అంటే లాగి పీకడం. ‘కపెరె’ అంటే పట్టుకోవడం. ‘రపెరె’ అంటే లాక్కుపోవడం. ఇంగ్లీషు అనువాదాల చలవతో ‘కర్పె దియెమ్’కు అంటుకున్న ‘పట్టుకో’ అనే అర్థం నిజానికి ఈ చివరి రెండు క్రియలది.

ముఖ్యార్థం ఎక్కడ కుదరదో చూడండి

ఇప్పుడు నిఘంటువులో మూసి ఉంచిన రెండో భాగం తెరవండి. ప్రతి వాక్యంలోనూ కర్మను మాత్రమే చూసి, దీన్ని వేళ్లతో తుంచడం సాధ్యమేనా అని అడగండి. దారిని తుంచలేం. నిద్రను తుంచలేం. సైన్యాన్ని, గాలిని, బలాన్ని, పద్యాన్ని తుంచలేం. అలా ముఖ్యార్థం కుదరకపోవడాన్నే ముఖ్యార్థబాధ అంటారు; అక్కడే లక్ష్యార్థం మొదలవుతుంది. కర్మ మామూలుదే అయి కర్త వింతగా ఉన్నా అంతే. ‘మనిషిని అగ్ని తుంచుతోంది’ అనే వాక్యంలో కర్త దగ్గరే ఆగాలి.

సందిగ్ధంగా ఉండే చోట్లు కూడా తారసపడతాయి. రోమన్ కవి ఒవిడ్ ‘ప్రేమకళ’ మూడో భాగంలో, పూవును కోయండి, కోయకపోతే అది తనంతట తానే అందవిహీనంగా రాలిపోతుంది అంటాడు. కర్మ పూవే కనుక ముఖ్యార్థం అక్షరాలా కుదురుతుంది. అయినా అంతకు ముందు నడుస్తున్నదంతా యౌవనం గురించే. అటువంటప్పుడు ఒక్క వాక్యంతో తీర్పు చెప్పకుండా దానికి ముందున్న పది పాదాలు చదవాలి.

సంబంధం ఏ లక్షణం ద్వారా కలిసిందో వెతకండి

మీరు రాసిపెట్టుకున్న మూడు లక్షణాల్లో ఏది ఆ వాక్యంలో బతికి ఉందో చూడటమే ఈ మెట్టులో పని.

దారితో మొదలుపెట్టండి. వర్జిల్ ఇతిహాస కావ్యం ‘ఏనియడ్’ ఆరో భాగంలో సిబిల్ అనే భవిష్యవాణి చెప్పే స్త్రీ కథానాయకుడు ఏనియాస్‌తో ‘కర్పె వియమ్’ అంటుంది. తెలుగులో ‘దారి పట్టు’ అంటే సరిపోతుంది. హోరేస్ తన ప్రయాణ కవితలో వానకు పాడైపోయిన పొడవైన దారిని ఇదే క్రియతో దాటి, అలసిపోయి రూబీ అనే ఊరు చేరతాడు. ఆ బురదదారిలో ముక్క వెనుక ముక్కగా దూరం తరగడం మనకు తెలుస్తుంది. అలాగని ఈ క్రియ ఎప్పుడూ నెమ్మదినే సూచిస్తుందని అనుకోకండి. జార్జిక్స్ మూడో భాగంలో మైదానాల మీదుగా గుర్రాల పరుగుకు కూడా వర్జిల్ దీన్నే వాడాడు. అక్కడ మిగిలింది ముక్కలు ముక్కలుగా దాటిపోవడం అనే లక్షణం ఒక్కటే.

సైన్యం విషయంలో ‘పదేపదే’ అనే లక్షణం పైకి వస్తుంది. క్రీ.పూ. 49లో స్పెయిన్‌లోని ఇలెర్ద దగ్గర శత్రుసేనలు నది దాటి తప్పించుకుపోతుండగా, ఆశ్వికదళంతో వారి నడిచే వరుసను చికాకుపెట్టి కొద్దికొద్దిగా కొరకడం తప్ప తనకు వేరే దారి మిగల్లేదని సీజర్ ‘అంతర్యుద్ధం’ మొదటి పుస్తకంలో రాశాడు. ఎదురుపడి చేసే యుద్ధానికి ఆయన ఈ క్రియను వాడలేదు. వెనకబడ్డ వారిని, పక్కకు జరిగిన వారిని అక్కడక్కడా తుంచుకుపోవడానికి వాడాడు. అనువదించేటప్పుడు ‘దాడి చేశాడు’ అంటే యుద్ధం బొమ్మే మారిపోతుంది.

నిందార్థం తెలుగువారికి అన్నిటికంటే సులువుగా అందుతుంది. క్రీ.పూ. 56లో న్యాయస్థానంలో బాల్బుస్ తరఫున వాదిస్తూ రోమన్ వక్త సిసెరో, అసూయపరులు విందుల్లో కొరుకుతారు, గుంపుల్లో గిల్లుతారు, పంటితో పీకుతారు అంటాడు. ఆ మూడో క్రియ ‘కర్పుంత్’. పన్ను అనే చిన్న సాధనం అక్షరాలా అక్కడే ఉంది కాబట్టి సంబంధం కోసం వెతకనక్కర లేదు. రోమన్ కవి మార్షల్ మొదటి పుస్తకంలోని రెండు పాదాల పద్యం ఇంకా సూటిగా ఉంటుంది. లేలియుస్, నీ పద్యాలు బయటపెట్టవు గానీ నావి మాత్రం ఏకుతావు. ‘కర్పెరె వెల్ నోలీ నొస్త్ర వెల్ ఏదె తువ’, మావి ఏకడమైనా మానుకో, లేదా నీవైనా బయటపెట్టు. ‘ఏకడం’ అనే తెలుగు క్రియ ఇక్కడ నూటికి నూరుపాళ్లు సరిపోవడం యాదృచ్ఛికం కాదు. దూదిని పోగుపోగుగా విడదీసే పని నుంచే మనకు ‘ఏకిపారేశాడు’ వచ్చింది. ఉన్నిని అలాగే విడదీసే క్రియ రోమన్లకు కూడా విమర్శ అయింది. ఇలాంటి జంట దొరికినప్పుడు నోట్సులో తప్పకుండా రాసుకోండి. నిఘంటువు ఇచ్చే ఇంగ్లీషు పర్యాయపదం కంటే అది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

లాభం ఎవరిది, నష్టం ఎవరిదో అడగండి

తుంచే చేతికి లాభం, తుంచబడేదానికి తరుగు. ఈ క్రియ లక్ష్యార్థాలన్నీ ఈ రెండు వైపుల్లో ఏదో ఒకవైపు ఒరుగుతాయి. చేతి వైపు నుంచి చూస్తే ‘అనుభవించడం’, పూవు వైపు నుంచి చూస్తే ‘క్షీణించడం’. నిఘంటువులో ఇవి ఒకదానికొకటి పొసగని అర్థాలుగా కనిపిస్తాయి గానీ కదలిక ఒక్కటే.

దీనికి ఏనియడ్ నాలుగో భాగాన్ని మించిన పాఠం లేదు. ఏనియాస్‌పై ప్రేమలో పడిన డైడో రాణి గురించి రెండో పాదంలోనే ‘కైకో కర్పితుర్ ఇగ్నీ’ అంటాడు వర్జిల్, అంటే కంటికి కనిపించని అగ్ని ఆమెను కొద్దికొద్దిగా తినేస్తోంది. తెలుగులో ‘లోలోపల కొరుక్కుతింటోంది’ అంటాం. ఇది కర్మణి ప్రయోగం, తరుగుతున్నది ఆమె. అదే భాగంలో 522వ పాదం దగ్గరికి వెళ్లండి. రాత్రి అయింది, లోకమంతటా అలసిన శరీరాలు ప్రశాంతమైన నిద్రను ‘కర్పేబంత్’, అనుభవిస్తున్నాయి. ఇది కర్తరి ప్రయోగం; లాభం శరీరాలది. అడవులు, సముద్రాలు, పశువులు, పక్షులు అన్నీ నిద్రపోయాక, డైడోకు మాత్రం నిద్ర లేదని ఆ తర్వాతి పాదాలు చెబుతాయి. లోకమంతా దేనిని కోసుకుంటోందో అది ఆమెకు దక్కలేదు, ఆమెను కోస్తున్నది మాత్రం ఆగలేదు. రెండు చోట్లా అర్థం వేరని రెండు వేర్వేరు ఇంగ్లీషు మాటలతో చదువుకుపోతే ఈ ముడి కనిపించదు. అందుకే ఒకే కావ్యంలో ఒకే క్రియ ఎన్నిసార్లు వచ్చిందో వెతికి పక్కపక్కన పెట్టి చదవమని చెబుతాను. పెర్సియస్‌లో ఆ వెతుకులాట నిమిషాల పని.

ప్రయోగం కర్తరి అయినా లాభనష్టాలు చూడటం మరవకండి. జార్జిక్స్ మూడో భాగంలో ఆవు కంటపడి ఎద్దు బలాన్ని ‘పౌలాతిమ్’, కొద్దికొద్దిగా, హరిస్తుంది. అక్కడ కర్త ఆవే అయినా వాక్యం బరువంతా ఎద్దు క్షీణత మీదే ఉంది. ‘పౌలాతిమ్’ లాంటి క్రియావిశేషణం పక్కన కనిపిస్తే మీరు సరైన దారిలోనే ఉన్నట్టు.

రూఢి ఏది, ప్రయోజనం ఏది

‘దారి పట్టు’ అన్నప్పుడు మనకు చేత్తో పట్టుకోవడం గుర్తుకు రాదు, అది రూఢి. కవులు ‘వియమ్ కర్పెరె’ను అంత మామూలుగా వాడుకున్నారు. దాన్ని మామూలు తెలుగులోకి మార్చితే చాలు, ‘దారిని తుంచు’ అని రాయడం అతి. ప్రయోజన లక్షణలో మాత్రం కవి ఆ బొమ్మను కావాలనే నిలబెడతాడు. చుట్టూ అదే కుటుంబానికి చెందిన మాటలు ఉంటే అది ప్రయోజనం అని పోల్చుకోవచ్చు.

ఈ పరీక్షను ‘కర్పె దియెమ్’కు పెట్టండి. క్రీ.పూ. 23లో వెలువడిన హోరేస్ ఓడ్స్ మొదటి పుస్తకంలో పదకొండో కవిత అది. మొత్తం ఎనిమిది పాదాలు. ల్యూకొనొయె అనే స్త్రీతో, మన ఆయుష్షు ఎంతో తెలుసుకోవాలని చూడకు, బాబిలోనియా జ్యోతిష లెక్కల జోలికి పోకు అంటాడు. తర్వాత ద్రాక్షసారాన్ని వడకట్టమంటాడు, పొడవైన ఆశను చిన్న పరిధికి కత్తిరించమంటాడు. ఆ తర్వాతనే ‘కర్పె దియెమ్ క్వమ్ మినిముమ్ క్రేదుల పొస్తెరో’. వడకట్టడం, కత్తిరించడం, కోయడం అన్నీ తోటలోనూ ద్రాక్షసారాయి గదిలోనూ చేసే పనులే కాబట్టి, బొమ్మ కావాలనే పెట్టాడని తేలిపోతుంది. పైగా లాక్కోవడమే తన ఉద్దేశమైతే హోరేస్‌కు ఆ మాట తెలియక కాదు. ‘ఎపోడ్’ అనే తన కవితల్లో పదమూడోదానిలో తుఫాను రోజున మిత్రులతో ‘రపియాముస్ అమీకీ ఒక్కాసియోనెమ్ దే దియే’, ఈ రోజు నుంచి అవకాశాన్ని లాక్కుందాం అని ‘రపెరె’నే వాడాడు. ఒకే కవి, ఒకే దినం, రెండు క్రియలు. ‘పట్టుకో’ అనే అనువాదం ఆ తేడాను చెరిపేస్తుంది.

తెలుగులోకి తేవాలంటే ‘ఈ రోజును కోసుకో, రేపటిని వీలైనంత తక్కువ నమ్ముతూ’ అని నేను రాస్తాను. ‘కొయ్యి’ అనకుండా ‘కోసుకో’ అనడంలో, తన కోసం చేసుకునే పని అనే అర్థం తెలుగు వ్యాకరణమే ఇస్తుంది. లాభం చేతి వైపు ఉందని అదే చెబుతుంది. ‘క్రేదుల’ స్త్రీలింగ రూపం. మాట ల్యూకొనొయెను ఉద్దేశించినది కావడమే అందుకు కారణం.

ఉపసర్గలు, బంధువులు, బంధువులు కానివి

ఉపసర్గ చేరినప్పుడు మధ్యలోని ‘అ’ ‘ఎ’గా మారుతుంది. ‘దేకెర్పెరె’ అంటే కిందికి తెంపడం. ‘ఎక్స్‌కెర్పెరె’ అంటే ఏరి తీసుకోవడం. ‘దిస్కెర్పెరె’ అంటే చీల్చి చెండాడటం. రోమన్ రచయిత చిన్న ప్లినీ తన మామ గురించి రాస్తూ, ఆయన చదివిన ప్రతి పుస్తకం నుంచీ ఏదో ఒకటి ఏరి రాసుకోకుండా ఉండేవాడు కాదని చెప్పేది రెండో క్రియతోనే. దాని నుంచే ఇంగ్లీషు ‘ఎక్సర్ప్ట్’ వచ్చింది. మన గదుల్లో పరిచే ‘కార్పెట్’ మూలం కూడా ఉన్నిని విడదీసే ఈ క్రియే.

గ్రీకులో పండు అనే అర్థమిచ్చే ‘కర్పోస్’నూ, మనకు తత్సమంగా ఉన్న ‘కృపాణం’నూ భాషాశాస్త్రజ్ఞులు ఇదే మూలధాతువు కింద చేరుస్తారు. అయితే పోలిక కనిపించిన ప్రతి మాటా బంధువు కాదు. తప్పులెన్నడం అనే అర్థంలోని ఇంగ్లీషు ‘కార్ప్’ స్కాండినేవియా భాష నుంచి వచ్చింది. లాటిన్ ప్రభావంతో దాని అర్థం మాత్రం మారింది. ‘కార్పెంటర్’ బండి అనే అర్థమున్న వేరే మాట నుంచి పుట్టింది.

స్వయంగా చేసి చూడండి

రోమన్ రచయిత పెత్రోనియుస్ రాసిన ‘సటిరికోన్’ అనే కథ 36వ అధ్యాయంలో త్రిమాల్కియో అనే ధనికుడి విందులో మాంసం కోసి వడ్డించే బానిస పేరు కర్పుస్. యజమాని ‘కర్పె’ అని పిలిచిన ప్రతిసారీ పేరూ ఆజ్ఞా ఒకే మాటలో పలుకుతాడు. సంబోధన విభక్తి, ఆజ్ఞార్థకం ఒకే రూపంలో ఎలా కలిశాయో వ్యాకరణం తీసి చూసుకోండి. అది లక్ష్యార్థమా, వాచ్యార్థమా, వట్టి శ్లేషా అన్నది మీరే తేల్చండి.

తర్వాత ఇదే వరుసలో ‘పుతారె’ తీసుకోండి. దానికి ‘అనుకోవడం’ అనే అర్థం తెలియని లాటిన్ విద్యార్థి ఉండడు. రోమన్ రచయిత కాతో వ్యవసాయ గ్రంథంలో అదే క్రియ ద్రాక్షతీగలను కత్తిరించడానికి వాడుక అయింది. ముందుగా ఆ కత్తి పనిని కాగితం మీద పెట్టి, కొమ్మలు కత్తిరించే చేయి లెక్కలు సరిచూడటానికి, అక్కడి నుంచి ఆలోచించడానికి ఏ లక్షణాన్ని పట్టుకుని వెళ్లిందో రాయండి. ‘అంపుతారె’, ‘కొంపుతారె’ అనే రెండు ఉపసర్గ రూపాల్లో ఏది కత్తి వైపు నిలిచిందో, ఏది లెక్క వైపు వెళ్లిందో చూస్తే మీ జవాబు సరైనదో కాదో అక్కడే తెలిసిపోతుంది.